పద్దెనిమిది నిండిన పిల్లలకి కారు ఇన్సూరెన్స్: బెంగళూరు లెక్క

బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి, ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పరీక్షలు రాయించిన పిల్లకి పద్దెనిమిది నిండి, కారు నడుపుతానంటే మొదట వెతికేది చవకగా వచ్చే ఇన్సూరెన్స్. వెతికితే దొరికేవి ఎక్కువగా అమెరికా వ్యాసాలే. మంచి మార్కులుంటే డిస్కౌంట్ ఇస్తారు, హోమ్‌స్కూల్ అయితే ట్రాన్‌స్క్రిప్ట్ పంపాలి అని ఉంటుంది. ఆ గొడవ ఇక్కడ లేదు. మన దగ్గర పాలసీ బండికి రాస్తారు. పిల్ల మార్కులు ఎవరూ అడగరు. నడిపేది టీనేజర్ అన్నంత మాత్రాన అక్కడిలా ప్రీమియం రెట్టింపు అవదు. డబ్బు పోయేది వేరే చోట్ల.

థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఉండే భాగం గురించి బేరాలాడి లాభం లేదు. దాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం ప్రైవేటు కారుకి ఏడాదికి 1000 సీసీ వరకు రూ. 2,094, 1500 సీసీ వరకు రూ. 3,416, ఆపైన రూ. 7,897. దీని మీద 18 శాతం జీఎస్టీ. ఇక్కడ చూసేది సీసీనే, ఇంజిన్ పవర్ కాదు. అందుకే 998 సీసీ టర్బో వెన్యూకి, 998 సీసీ వ్యాగన్‌ఆర్‌కి ఒకటే రేటు, 1197 సీసీ స్విఫ్ట్‌కి మాత్రం పై రేటు. ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఉండే రూ. 7.5 లక్షల పరిమితిని రూ. 6,000కి కుదించుకుంటే వంద రూపాయలు తగ్గిస్తారు. కొత్తగా నడిపేవాళ్లు ఉన్న ఇంట్లో ఆ వంద కోసం ఆశపడకండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ముందున్న బండి బంపరుకి కాస్త తగిలినా చాలు, ఆ ఆరు వేలు ఏ మూలకీ రావు.

అసలు నిర్ణయం కారు ఎవరి పేరు మీద ఉండాలన్నది. నాన్న పేరు మీద ఉన్న కారుకి ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ (మన కారుకే జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) తగ్గింపు ఉంటుంది. ఆ కారునే పిల్ల పేరుకి మారిస్తే ఆ తగ్గింపు వెళ్లదు. ఎన్‌సీబీ మనిషికి చెందినది, వారసత్వంగా తప్ప ఇంట్లో ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. నాన్న దాన్ని సర్టిఫికెట్‌గా తీసుకుని మూడేళ్లలోపు తన పేరు మీద కొనే ఇంకో కారుకి వాడుకోవచ్చు. "పాత ఎన్‌సీబీనే వేసేద్దాం సార్" అనే ఏజెంట్లు ఉంటారు. క్లెయిమ్ వచ్చిన రోజు పాత కంపెనీని అడిగితే అబద్ధం బయటపడిపోతుంది, క్లెయిమ్ పోతుంది. ఖర్చు ఒక్కటే చూస్తే కారు నాన్న పేరు మీదే ఉంచడం మేలు.

కానీ అలా ఉంచితే ఒక కన్నం మిగులుతుంది. తప్పనిసరి పర్సనల్ యాక్సిడెంట్ కవర్, అంటే రూ. 15 లక్షలది, లైసెన్స్ ఉన్న యజమానికే. నాన్న కారు నడిపే కూతురికి అది వర్తించదు. పైగా బండి అడిగి తీసుకుని నడిపినవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, థర్డ్ పార్టీ కాడు అని 2009లో కర్ణాటక నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పిల్ల పేరున విడిగా ఒక యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. ఎన్‌సీబీ వల్ల మిగిలిన డబ్బులో కొంత దీనికి పెట్టడం దండగేమీ కాదు.

ఇక చిన్న క్లెయిమ్‌ల సంగతి. కొత్త చేయి కాబట్టి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ స్తంభానికి బంపర్ గీసుకోవడం మామూలే. ఎన్‌సీబీ లేకుండా ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ. 12,000 అనుకుందాం. 50 శాతం మీద మీరు కడుతున్నది 6,000. ఒక్క క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది 12,000, ఆ తర్వాత 20, 25, 35, 45 శాతాల మెట్లు ఎక్కుతూ 9,600, 9,000, 7,800, 6,600. ఐదేళ్లలో అదనంగా కట్టేది 15,000. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి కాస్త తక్కువే అవుతుంది, జీఎస్టీ కలిపితే మళ్లీ పెరుగుతుంది. బంపర్‌కి పెయింట్ నాలుగైదు వేలలో అయిపోయేటట్టుంటే జేబులోంచి ఇచ్చేయండి. జీరో డెప్ (భాగాల అరుగుదల కోసుకోకుండా ఇచ్చే అదనపు కవర్) ఉంది కదా అని క్లెయిమ్ చేయడం చాలామంది చేసే పొరపాటు. ఎన్‌సీబీ పోకుండా అది ఆపదు, దానికి ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని వేరే యాడ్-ఆన్ (అదనంగా కొనుక్కునే కవర్) ఉంటుంది. అయినా జీరో డెప్ మొదటి ఏడాది ఉండాల్సిందే. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి కంపెనీ సగమే ఇస్తుంది, ఈ రోజుల్లో కారు ముందువైపంతా ప్లాస్టిక్కే.

ఇంట్లో చదువుకున్న పిల్లలకి లైసెన్స్ కాగితాల దగ్గర కొంచెం తిరుగుడు ఉంటుంది. స్కూల్ సర్టిఫికెట్ బదులు జనన ధ్రువీకరణ పత్రమో పాస్‌పోర్టో పెట్టుకోండి. ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, ఎన్‌ఐఓఎస్ మార్కుల మెమోలో ఒక్క అక్షరంగా ఉంటే ముందే సరిచేయించండి. ఆధార్‌లో ఇంకా నెల్లూరో అనంతపురమో ఉంటే, లైసెన్స్‌కి దరఖాస్తు చేసే సారథి పోర్టల్‌లో ఆధార్ ఈ-కేవైసీ ఆ అడ్రసే లాగుతుంది. కేఆర్ పురం ఆర్టీవోలో చేయాలంటే ముందు అడ్రస్ మార్చుకోవడం మేలు. లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది, డ్రైవింగ్ టెస్ట్‌కి ముప్ఫై రోజులు ఆగాలి.

లెర్నర్ లైసెన్స్‌తో నడిపే రోజుల్లో ప్రమాదం జరిగినా పాలసీ పనిచేస్తుంది. షరతు ఏమిటంటే, పక్క సీట్లో లైసెన్స్ ఉన్నవాళ్లు ఉండాలి, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్లటి పలక 18 సెంటీమీటర్ల చదరం, ఎర్రటి ఎల్ అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు. ఎల్ బోర్డు లేని ఫోటో నష్టం లెక్కగట్టే సర్వేయర్ చేతికి దొరికితే కంపెనీ వాదించడానికి సాకు దొరికినట్టే. పదిహేడేళ్ల పిల్లకి "కాలనీ లోపలే కదా" అని తాళాలిస్తే మాత్రం ఏ పాలసీ కాపాడదు. యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లకి పాతికేళ్లు వచ్చేవరకు లైసెన్స్ లేదు.

రోజూ కాలేజీకి వెళ్లని పిల్ల నడిపే కారు కిలోమీటర్లు తక్కువ. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించిన 'నడిపినంతకే కట్టు' తరహా యాడ్-ఆన్ ఇలాంటి ఇళ్లకి బాగా కలిసొస్తుంది. స్లాబ్ (ఏడాదికి ఎన్ని కిలోమీటర్లన్న పరిమితి) ఎంచుకునే ముందు ఊరి ప్రయాణాలు కలపడం మర్చిపోకండి. తిరుపతికి ఒకసారి వెళ్లి వస్తే దాదాపు 500 కిలోమీటర్లు, హైదరాబాద్ అయితే వెయ్యి దాటుతుంది. సంక్రాంతికీ వేసవికీ ఊరెళ్లే ఇంటికి 2,500 కిలోమీటర్ల స్లాబ్ సరిపోదు. పాలసీ తీసుకున్న రోజు ఓడోమీటర్ ఫోటో తీసి దాచండి. స్లాబ్ దాటబోతుంటే ముందే టాప్-అప్ కొనండి. దాటాక ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌కి చిక్కులొస్తాయి, థర్డ్ పార్టీకి ఇబ్బంది లేదు.

ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ మాత్రం బెంగళూరులో వదలొద్దు. వాన పడి అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచినప్పుడు కారు ఆగిపోతే కొత్త డ్రైవర్ చేసే మొదటి పని మళ్లీ స్టార్ట్ చేయడం. ఇంజిన్‌లోకి పోయిన నీళ్లు ఎంత నొక్కినా కుదించుకోవు, దాంతో లోపలి కనెక్టింగ్ రాడ్ అనే కడ్డీ వంగిపోతుంది. మామూలు పాలసీ దాన్ని వరద నష్టంగా ఒప్పుకోకుండా, మీ చర్య వల్ల వచ్చిన నష్టం అని పక్కన పెడుతుంది. యాడ్-ఆన్ ఉన్నా నీళ్లలో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమవుతుందో షరతుల్లో చదివి, పిల్లకి ఒక్క మాట నేర్పండి: ఆగిపోతే తాళం తిప్పొద్దు, దిగి గట్టుకి వచ్చి టో బండికి ఫోన్ చెయ్.