హాండెల్ రాయని హాండెల్ సొనాటా: పరీక్ష ఫారంతో నా తిప్పలు

వయొలిన్ పరీక్షలో నేను వాయించే ప్రోగ్రాం మార్పుకి ఒప్పుకున్నామని పరీక్ష బోర్డు నుంచి మెయిల్ వచ్చింది. రెండే రెండు వాక్యాలు. వాటి కోసం నేను పడ్డ అవస్థ వేడి చల్లారకముందే రాసి పెడుతున్నాను. వెస్టర్న్ వయొలిన్ పరీక్షలకి కడుతున్నవాళ్ళకి, పిల్లల చేత కట్టిస్తున్నవాళ్ళకి పనికొస్తుంది.

చిన్నప్పుడు విజయనగరంలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నదాన్ని. బ్యాంకు ఉద్యోగం, పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చాక సికింద్రాబాదులో ఒక పెద్దాయన దగ్గర వెస్టర్న్ మొదలుపెట్టాను. కింద కూర్చుని వాయించిన చెయ్యి నిలబడి వాయించడానికి ఎంత మొరాయించిందో ఇంకోసారి చెప్తాను. పై గ్రేడుకి సార్ ఇచ్చింది పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ స్వరకర్త హాండెల్ ఎఫ్ మేజర్ సొనాటా, అంటే పియానో తోడుతో వయొలిన్ వాయించే రచన. బోర్డు లిస్టులో ఓపస్ (అచ్చయిన సంపుటం వరస సంఖ్య) 1, నంబర్ 12 అని ఉంది. నా దగ్గరున్నది జిరాక్సుకి జిరాక్సు. పరీక్ష గదిలోకి అసలు పుస్తకంతోనే రావాలని రూల్.

"కొనేదేదో ఉర్‌టెక్స్ట్ కొనుక్కోమ్మా" అన్నారు సార్. స్వరకర్త చేతిరాత ప్రతి, ఆనాటి నకళ్ళు, మొదటి ముద్రణలు పక్కపక్కన పెట్టి చూసి వేసే ప్రతిని అలా అంటారు. సంపాదకుడు తనంతట తాను ఏదైనా చేర్చితే అది తెలిసేలా వేస్తాడు. స్లర్ (స్వరాలని కలిపి వాయించమనే వంపు గీత) చేర్చితే చుక్కల గీతతో, స్వరమో గుర్తో చేర్చితే బ్రాకెట్లో లేదా చిన్న అచ్చులో. పుస్తకం వెనక ఏ బార్‌లో (తాళపు గడిలో) ఏ ప్రతి ఏం చెప్తోందో రిపోర్టు ఉంటుంది. పాత పుస్తకాల్లో ఈ మర్యాద లేదు. నా జిరాక్సు నిండా ఫోర్టేలు (గట్టిగా), క్రెషెండోలు (క్రమంగా పెంచుతూ), బో గుర్తులు. ఏది హాండెల్‌దో, ఏది వందేళ్ళ కిందటి సంపాదకుడి సరదానో దేవుడికే తెలియాలి.

ఆర్డరు పెట్టడం తేలికే. పుస్తకం ధర కన్నా కొరియర్ ఖర్చు ఎక్కువైంది. మధ్యలో కొరియర్ వాళ్ళు కేవైసీ అడిగారు, ఆధార్ పంపాను. "మ్యూజిక్ అంటే సీడీలా మేడమ్?" అని ఫోన్ చేశారు. కాదు నాయనా, కాయితాలు అన్నాను. వచ్చింది.

విప్పి విషయసూచిక చూస్తే ఎఫ్ మేజర్ లేదు!

వేరే పుస్తకం పంపారేమోనని అట్ట మళ్ళీ చూశాను. అదే. ఇక రాత్రి కూర్చుని పీఠిక మొత్తం చదివాను. ఈ సొనాటాలు మొదట 1730 ప్రాంతంలో అచ్చయ్యాయి. మొదటి పేజీ మీద ప్రచురణకర్త పేరు ఆమ్‌స్టర్‌డామ్‌కి చెందిన జాన్ రోజె (Jeanne Roger) అనే ఆవిడదని ఉంటుంది. ఆవిడ 1722లోనే చనిపోయింది. అసలు అచ్చు వేసినవాడు లండన్‌లో కూర్చున్న జాన్ వాల్ష్. చనిపోయినావిడ పేరు పెట్టి హాండెల్‌ని అమ్ముకున్నాడన్నమాట. ఒకటి రెండేళ్ళకి తన సొంత పేరుతో మళ్ళీ వేసి, మునుపటి ముద్రణ కన్నా ఇది సరైనదని పైన అచ్చు కూడా వేసుకున్నాడు. ఏం సరిచేశాడయ్యా అంటే, మొదటిదాంట్లో హాండెల్‌వి కాని 10, 12 తీసేసి, వాటి స్థానంలో హాండెల్‌వి కాని ఇంకో రెండు పెట్టాడు! ఆ రెండో ముద్రణలోని 12వ నంబరే నా ఎఫ్ మేజర్. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ప్రతి మీద ఆ కాలపు మనిషి ఎవరో ఇది మిస్టర్ హాండెల్‌ది కాదని సిరాతో రాసి పెట్టారు కూడా. 1879లో క్రిసాండర్ అనే జర్మన్ పండితుడు రెండు ముద్రణల్లోవీ కలిపి, ఇంకొకటి చేర్చి, పదిహేను సొనాటాల సంపుటం చేశాడు. మన పరీక్ష లిస్టుల్లో నేటికీ నడుస్తున్నవి ఆయన వేసిన నంబర్లే.

నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. చివర్లో త్యాగరాజ ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి కృతీ ఆయనదేనా అన్న తగాదా వింటూ పెరిగినదాన్ని. సార్‌కి చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్ళుగా హాండెల్ హాండెల్ అని చెప్తున్నానే! పోనీలేమ్మా, ఎవరు రాసినా బాగుంది కదా" అన్నారు. బాగుంది, కాదనను. కానీ నేను కొన్న పుస్తకంలో డి మేజర్ సొనాటా ఉంది, హెచ్‌డబ్ల్యూవీ (హాండెల్ రచనల కేటలాగ్) నంబరు 371. హాండెల్ చేతిరాత ప్రతి ఉన్నది, 1750 ప్రాంతంలో రాసినది. అందులోని సంగీతాన్నే తర్వాత 'జెఫ్తా' అనే ఓరటోరియోలో (గాయకులు, బృందం కలిసి పాడే పెద్ద కథాగానంలో) మళ్ళీ వాడుకున్నాడు. అది వాయిస్తానన్నాను. లిస్టులో లేనిదానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, ఆ ఫారం సెంటర్ ఆఫీసులో ఇవ్వాలి. సరేనని వెళ్ళాను.

వెళ్ళానా, ఇక చూడండి. సాయంత్రం వేళ, హాలు నిండా వయొలిన్ పెట్టెలతో పిల్లలు, పక్కన తల్లులు. కౌంటర్లో ఉన్నాయన ఫారం చూసి, "లిస్టులోది హాయిగా వాయించుకోక ఇదెందుకు మేడమ్?" అన్నాడు. అది హాండెల్‌ది కాదండీ అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, హాలంతా వినపడేలా, "ఇంటర్నేషనల్ బోర్డు తప్పు రాస్తుందా? వాళ్ళకన్నా మీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు. పుస్తకం తెరిచి పీఠిక చూపించాను. కంటితో కూడా తాకలేదు. రెండు వేళ్ళతో నా వైపు జరిపాడు. ఒక తల్లి ఫోన్‌లోంచి తలెత్తి నవ్వింది.

పోనీ ఫారం తీసుకోండి అన్నాను. కంప్యూటర్లో ఎక్కించబోయాడు. ఓపస్ నంబరు గడి నింపకపోతే ఆ స్క్రీను ముందుకి కదలదు. డి మేజర్‌కి ఓపస్ లేదండీ, కేటలాగ్ నంబరే ఉంది అన్నాను. "పాత లిస్టులో ఓపస్ 1, నంబర్ 13 అని ఉంది కదా, అదే కొట్టేస్తాను" అన్నాడు. ఆ పదమూడు హాండెల్ పెట్టింది కాదు, వాల్ష్ పెట్టింది కూడా కాదు. హాండెల్ పోయింది 1759లో, ఆ తర్వాత 120 ఏళ్ళకి క్రిసాండర్ వరస కోసం వేసుకున్న అంకె. అబద్ధం రాయనన్నాను. "ఎవరు చూస్తారు మేడమ్, రాసేయండి" అన్నాడు. రాయనన్నాను. అప్పుడన్నాడు అసలు మాట. "ఈ వయసులో మీకు సర్టిఫికెట్ ఎందుకు చెప్పండి? ఇంట్లో సరదాగా వాయించుకోక. వెనక పిల్లలు వెయిటింగ్."

బ్యాంకు కౌంటర్లో ఇన్నేళ్ళు కూర్చున్నాను. పాస్‌బుక్కు తలకిందులుగా ఇచ్చిన ముసలమ్మతో కూడా ఏనాడూ ఇలా మాట్లాడలేదు. చెవులు కాలిపోతున్నాయి, ఏం అనాలో తోచలేదు. పక్కన నిలబడ్డ పాప, పదేళ్ళుంటాయేమో, నా పుస్తకంలోకి తొంగి చూస్తూ, "ఆంటీ, మరి ఎఫ్ మేజర్ ఎవరు రాశారు?" అని అడిగింది. ఎవరో ఇంతవరకూ తేలలేదమ్మా అన్నాను. "నేను అదే వాయిస్తున్నాను" అంది. వాళ్ళమ్మ దాని చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కెళ్ళింది, నేనేదో అంటురోగం అంటిస్తున్నట్టు. ఆ హాల్లో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

ఫారం వెనక్కి తీసుకుని ఇంటికొచ్చి, పీఠికలో ఆ రెండు పేజీలు, విషయసూచిక ఫోటోలు తీసి నేరుగా బోర్డుకే మెయిల్ పెట్టాను. ఓపస్ గడి సంగతి కూడా రాశాను. జవాబు రావడానికి సమయం పట్టింది, ఆ టెన్షన్లో నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. చివరికి ఇదిగో, కేటలాగ్ నంబరుతోనే ఒప్పుకున్నారు. నిజంగా తెలిసినవాళ్ళు ఎప్పుడూ వాదించరు, కౌంటర్ వాళ్ళే వాదిస్తారు. ఆ మెయిల్ ప్రింటు తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. చదివి "ఓకే మేడమ్" అన్నాడు. సారీ అనే మాట అక్కడ నేర్పరేమో.

మీకు చెప్పేదేమిటంటే, హాండెల్ సొనాటాలు కొనేముందు విషయసూచికలో హెచ్‌డబ్ల్యూవీ నంబర్లు సరిచూసుకోండి. ఓపస్ నంబర్లు నమ్మకండి. వయొలిన్‌కి 359ఎ, 361, 364ఎ, 371 అయితే దిగుల్లేదు. 368, 370, 372, 373 ఆయనవి కావనే పండితుల మాట. జి మైనర్ 364ఎ తమాషా ఇంకోటి. వాల్ష్ దాన్ని ఓబో అనే ఊదే వాద్యం కోసమని అచ్చు వేశాడు. హాండెల్ తన చేతిరాతలో వయొలిన్ అని రాసి, కావాలంటే వయోలా ద గాంబా అనే పాతకాలపు తంత్రీ వాద్యంతో ఎలా మొదలుపెట్టాలో పేజీ అడుగున ఒక బార్ రాసి చూపించాడు. ఇన్నాళ్ళూ అచ్చేసినవాడి మాటే చెల్లింది. క్రిసాండర్ సంపుటం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చూసుకోవడానికి బాగుంటుంది. దాన్ని ప్రింటు తీసి పరీక్షకి వెళ్తే మాత్రం మీ సెంటర్ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి.

పియానో వాయించేవారికి పుస్తకం వీలైనంత ముందు ఇవ్వండి. పియానో భాగంలో హాండెల్ రాసింది కింది బాస్ గీత మాత్రమే, పైన ఏ స్వరాలు కలపాలో సూచించే అంకెలు అక్కడక్కడ. కుడిచేతి స్వరాలు సంపాదకుడు చిన్న అచ్చులో సూచించినవి. పాత పుస్తకాల్లో దట్టమైన కార్డ్స్‌కి (ఒకేసారి పలికించే స్వరాల గుంపులకి) అలవాటుపడ్డ మా పియానో అబ్బాయి ఇది చూసి, "ఇంత పలచగా ఉందేంటి మేడమ్, నేనేమైనా కలపనా?" అన్నాడు. కలుపు బాబూ, ఆ చోటు నీకోసమే వదిలారు అన్నాను. ఇప్పుడేమో మరీ ఎక్కువ కలుపుతున్నాడు. శనివారం రిహార్సల్లో సార్ చేత చెప్పించాలి.