ఏబీజీ: సూది గుచ్చడం నుంచి కాగితం చదివేదాకా

ఏబీజీ అంటే ధమని నుంచి రక్తం తీసి, అందులోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం ఎంతున్నాయో చూసే పరీక్ష. అది తీయడం ఐసీయూలో రోజూ ఉండే పనే. నేను చేసే పద్ధతి చెబుతాను.

ముందు పేషెంట్ ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నాడో రాసుకుంటాను. అది లేకపోతే పీఓ2 (రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి) అంకెకు అర్థమే లేదు. ఆక్సిజన్ అప్పుడే మార్చి ఉంటే 20 నిమిషాలు ఆగుతాను. తర్వాత అలెన్ టెస్ట్, అంటే చేతికి రెండో ధమని నుంచి కూడా రక్తం అందుతోందా అని చూడటం. "పిడికిలి గట్టిగా బిగించు అన్నా" అని, మణికట్టు దగ్గర రెండు ధమనులూ నొక్కి పట్టి, చెయ్యి తెరిపించి, చిటికెన వేలి వైపు ధమనిని వదులుతాను. తెల్లబడిన అరచెయ్యి 10 సెకన్లలో ఎర్రబడకపోతే ఆ చేతి జోలికి వెళ్లను.

మణికట్టు కింద చుట్టిన టవల్, నాడి కొట్టుకునే చోట 45 డిగ్రీల వాలులో 23 గేజ్ సూది. బీపీ బాగుంటే రక్తం తనంతట తానే సిరంజిలోకి ఎక్కుతుంది. లాగాల్సి వస్తే సిరలోకి వెళ్లామేమోనని అనుమానించాలి. ఒక మిల్లీలీటరు చాలు. సూది తీశాక 5 నిమిషాలు నేనే నొక్కి పడతాను. దూది అటెండెంట్ చేతిలో పెట్టేసి పోతే సాయంత్రానికి మణికట్టు కమిలి నల్లబడుతుంది.

శాంపిల్ చెడేది ఎక్కువగా ఇక్కడే. గాలి బుడగ ఉండిపోతే పీసీఓ2 (కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి) తగ్గుతుంది, పీఓ2 బయటి గాలి అంకె వైపు జరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ద్రవం సిరంజిలో ఎక్కువ మిగిలితే పీసీఓ2, బైకార్బొనేట్ (ఆమ్లాన్ని అదుపు చేసే క్షారం) రెండూ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. అరగంట బల్ల మీద ఉంచితే రక్తకణాలు బతికే ఉంటాయి కదా, ఆక్సిజన్ తినేసి ఆమ్లం వదులుతాయి.

ఇక కాగితం. మామూలుగా పీహెచ్ (తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 7.35–7.45, పీసీఓ2 35–45, బైకార్బొనేట్ 22–26 ఉండాలి. పీఓ2 విషయంలో మన ఊరి ఎత్తు గుర్తుండాలి. హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి 715 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర. ఊపిరితిత్తుల గదుల్లోనే ఆక్సిజన్ 90 చిల్లర. సముద్రమట్టపు 100 కోసం ఇక్కడ వెతక్కూడదు.

అసలు తిరకాసు పీసీఓ2. షుగర్ ముదిరి కీటోన్లు పేరుకున్న పేషెంట్‌కు బైకార్బొనేట్ 8 ఉందనుకుందాం. రక్తంలోని ఆమ్లాన్ని మెడలోని కెరోటిడ్ బాడీలు పసిగట్టి మెదడు కాండానికి చెబుతాయి, మనిషి లోతుగా, ఆగకుండా ఊపిరి తీసి పీసీఓ2ని దించుతాడు. ఊపిరితిత్తులు నిమిషాల్లో కదులుతాయి, కిడ్నీలకు రోజులు పడుతుంది. 8ని ఒకటిన్నరతో గుణించి 8 కలిపితే 20. పీసీఓ2 అంత ఉండాలి, అటూ ఇటూ 2. అప్పుడు పీహెచ్ 7.22. అదే 28 కనిపిస్తే పీహెచ్ 7.08కి జారుతుంది. 28 మామూలు కంటే తక్కువే కదా అని ఊరుకుంటే మోసపోయినట్టే, అతను ఊపిరి లాగలేక అలసిపోతున్నాడు.

ఆస్తమాలోనూ ఇదే మోసం. మృగశిర కార్తె ముసురు మొదలయ్యాక ఆయాసంతో వచ్చేవాళ్లకు మొదట్లో పీసీఓ2 మామూలుగా 35 లోపే ఉంటుంది. పిల్లికూతలు తగ్గి, మాట పెగలక, కాగితం మీద 40 వస్తే దాన్ని నార్మల్ అని ఫైల్లో పెట్టను. ఆ కాగితంతోనే డ్యూటీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతాను.