డీఆర్‌డీఓ సైంటిస్ట్ బి: నా మొదటి ఇంటర్వ్యూని పోగొట్టిన ఒక్క జవాబు

మొన్న శుక్రవారం సాయంత్రం ఫైనల్ రిజల్ట్ వచ్చింది. మెకానికల్‌లో డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ) సైంటిస్ట్ బి పోస్టుకి ఎంపికయ్యాను. మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు, ఏటిగట్టు మీదికి వెళ్ళి పీడీఎఫ్ దించుకున్నాను. నా నంబరు కనబడగానే కాళ్ళు ఆడక గట్టు మీదే కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి చెబితే నాన్నగారు కళ్ళజోడు తెచ్చుకుని, ఆ లైను పెద్దది చేయించుకుని, తన కళ్ళతో చదివాకే నమ్మారు.

ఇంజనీరింగ్ వాళ్ళు రాసే గేట్ పరీక్ష గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఇంటర్వ్యూ గురించే రాస్తాను. నాకు ఏడాది పోయింది అక్కడే. గేట్ స్కోరుకి 80 శాతం, ఇంటర్వ్యూకి 20 శాతం వెయిటేజీ అని మీ అందరికీ తెలుసు. ఇరవయ్యే కదా అని నేనూ అనుకున్నాను. కానీ షార్ట్‌లిస్టులోకి వచ్చాక అందరి స్కోర్లూ పక్కపక్కనే ఉంటాయి. అప్పుడు తేల్చేది ఆ ఇరవయ్యే.

మొదటి ఇంటర్వ్యూ ఢిల్లీ తిమార్‌పూర్‌లో, లక్నో రోడ్డులో ఉన్న ర్యాక్ (డీఆర్‌డీఓ నియామకాలు చూసే కేంద్రం) ఆఫీసులో జరిగింది. బోర్డులో ఐదుగురు. మొదటి ఇరవై నిమిషాలు బాగా నడిచింది. ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ అడిగారు, కాగితం మీద గీసి చెప్పాను. ఇక అయిపోవచ్చింది అనుకుంటుండగా మధ్యలో కూర్చున్న పెద్దాయన నెమ్మదిగా అడిగారు.

"ఇంతకీ డీఆర్‌డీఓ ఏం చేస్తుంది?"

"మన సైన్యానికి కావలసిన మిసైళ్లు, టార్పెడోలు, రాడార్లు తయారు చేస్తుంది సార్."

"వరుణాస్త్రని ఎవరు తయారు చేస్తారు?"

"విశాఖపట్నం ఎన్‌ఎస్‌టీఎల్ సార్."

"మరి బీడీఎల్‌కి విశాఖలో యూనిట్ ఉంది కదా. వాళ్ళేం చేస్తున్నారు?"

నోరు పెగల్లేదు. వరుణాస్త్ర అంటే నీళ్ళలో వెళ్ళే టార్పెడో. ఎన్‌ఎస్‌టీఎల్ డీఆర్‌డీఓ ల్యాబ్, బీడీఎల్ ఆయుధాలు తయారు చేసే ప్రభుత్వ కంపెనీ.

"సరే. ఆ టార్పెడో ఎంత దూరం వెళ్ళాలి, ఎంత వేగంతో వెళ్ళాలి అన్నది ముందుగా చెప్పేది ఎవరు? సైంటిస్టా, నేవీయా?"

"సైంటిస్టులే సార్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. తలూపి, మంచినీళ్ళు తాగమన్నారు. ఆ తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు కానీ అవి నా చెవికి ఎక్కలేదు.

ఇంటర్వ్యూకి ముందు ఒక కోచింగ్ సెంటర్‌లో ఫీజు కట్టి మాక్ ఇంటర్వ్యూలకి వెళ్ళాను. వాళ్ళిచ్చిన మెటీరియల్ అంతా బట్టీ పట్టాను. సంస్థ పుట్టింది 1958లో, నినాదం ‘బలస్య మూలం విజ్ఞానం’, 1983లో కలాం గారి నాయకత్వంలో మొదలైన క్షిపణి కార్యక్రమంలో ఐదు పేర్లు: పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్. ఏ క్షిపణి ఎన్ని కిలోమీటర్లు వెళుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ సంస్థ పని ఏమిటో మాత్రం ఆ మెటీరియల్‌లో లేదు, నేనూ వెతకలేదు. తప్పు నాదే. చేరాలనుకుంటున్న చోట ఏం పని జరుగుతుందో తెలుసుకోకుండా వెళ్ళాను.

ఆ లిస్టులో నా పేరు రాలేదు. నెల రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అమ్మ చూసి చూసి, "నాలుగు రోజులు మావయ్య దగ్గర ఉండి రా" అని పంపించింది.

మా మేనమామ తాళ్ళరేవులో పడవల మేస్త్రి. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటి, యానాం మీదుగా వెళితే మాకు గంట ప్రయాణం. ఫైబర్ బోట్లు వచ్చాక చెక్క పని తగ్గింది కానీ ఆయన షెడ్డులో ఎప్పుడూ ఒక పడవ లేస్తూనే ఉంటుంది. నేను వెళ్ళిన రోజు భైరవపాలెం నుంచి ఒక బోటు యజమాని వచ్చి కూర్చున్నాడు.

"మేస్త్రిగారూ, ఈసారి ఐసు పెట్టె పెద్దది కావాలండి. ఇంకో మాటండి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట బాగా పెరిగిపోయింది. పడవ నీళ్ళలోకి ఎక్కువ దిగకూడదు."

మావయ్య నవ్వాడు. "రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయండి? బరువెక్కితే దిగుద్ది. దిగకుండా వెడల్పు చేద్దామంటే వేగం పోద్ది, డీజిలు ఎక్కువ తాగుద్ది. మీకు ఏది ముఖ్యమో ముందు తేల్చుకు రండి."

ఆయన రెండు రోజులు ఆలోచించుకుని వచ్చాడు. పెట్టె కొంచెం తగ్గించుకుంటానన్నాడు. అప్పుడు మావయ్య సిమెంటు నేల మీద సుద్దముక్కతో పడవ అడ్డుకొలత గీశాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గీత గీయడం, తడిగుడ్డతో చెరపడం, మళ్ళీ గీయడం. గీత కుదిరాక దానికి సరిపడా అట్టముక్క కోసి పనివాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళు ఆ అట్ట పెట్టుకుని వంకర తిరిగిన తుమ్మ కర్రల్లోంచి పక్కటెముకలు కోస్తున్నారు. అట్ట ఇచ్చాక మావయ్య రంపం పట్టుకోలేదు. ప్రతి కర్ర దగ్గరా నిలబడి, అట్ట ఆనించి చూసి, సందు కనిపిస్తే మాత్రం పక్కన పెట్టించేవాడు.

అదే సమయానికి, అంతకుముందు నీళ్ళలోకి దించిన ఇంకో పడవ వాళ్ళు తిరిగొచ్చారు. మొగ దాటాక పడవ కుడివైపు లాగుతోందని చెప్పారు. మావయ్య వాదించలేదు. వాళ్ళతో పాటు ఎక్కి సముద్రం దాకా వెళ్ళొచ్చి, చుక్కాని మార్చాడు.

అక్కడే కూర్చుని ఉన్న నాకు ఢిల్లీలో పెద్దాయన అడిగిన ప్రశ్నలన్నీ వరసగా గుర్తొచ్చాయి. నేనింతకాలం మేస్త్రినీ, రంపం పట్టేవాణ్ణీ, పడవ కొనేవాణ్ణీ ఒకరేననుకున్నాను.

ఆ రాత్రి నోట్సు మొత్తం కొత్తగా రాశాను. మీకు ఉపయోగపడే భాగం ఇక్కడ పెడుతున్నాను. ఏం కావాలో చెప్పేది సైన్యం. ఆర్మీ ఇచ్చే పత్రాన్ని జీఎస్‌క్యూఆర్ అంటారు, నేవీది ఎన్‌ఎస్‌క్యూఆర్, ఎయిర్‌ఫోర్స్‌ది ఏఎస్‌క్యూఆర్. దాని మీద డీఆర్‌డీఓ పరిశోధన చేసి, డిజైన్ చేసి, నమూనా తయారు చేసి పరీక్షిస్తుంది. తర్వాత సైన్యం తన ట్రయల్స్ తాను చేసుకుంటుంది. వాళ్ళు ఒప్పుకున్నాకే ఉత్పత్తి సంస్థ పెద్ద ఎత్తున తయారీ మొదలుపెడుతుంది, దానికి టెక్నాలజీ ఇచ్చేది డీఆర్‌డీఓ. వరుణాస్త్ర రూపకల్పన ఎన్‌ఎస్‌టీఎల్‌ది, తయారీ బీడీఎల్ విశాఖ యూనిట్‌ది. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి, అయినా నేను రెండింటినీ కలిపేశాను. తేజస్ యుద్ధవిమానం డిజైన్ ఏడీఏ అనే సంస్థది, తయారీ హెచ్‌ఏఎల్ అనే ప్రభుత్వ కంపెనీది. ఆకాశ్ క్షిపణి డిజైన్‌ని ముందుండి నడిపింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ ల్యాబ్, కానీ ఎయిర్‌ఫోర్స్‌కి మొత్తం వ్యవస్థని అందించే బాధ్యత బీఈఎల్ అనే ఇంకో ప్రభుత్వ కంపెనీది, ఆర్మీకి బీడీఎల్‌ది.

మావయ్య షెడ్డుకీ దేశానికీ ఒక తేడా ఉంది. ఆయన గీసిందీ, చేయించిందీ ఒకే కప్పు కింద. కేంద్రంలో అవి రెండు వేర్వేరు విభాగాలు. రక్షణ పరిశోధన, అభివృద్ధి విభాగం 1980లో ఏర్పడింది, డీఆర్‌డీఓ దాని కిందికి వస్తుంది. బీడీఎల్, బీఈఎల్, హెచ్‌ఏఎల్ రక్షణ ఉత్పత్తి విభాగం కిందికి వస్తాయి. స్టార్టప్‌ల కోసం 2018లో పెట్టిన ఐడెక్స్ పథకం కూడా ఉత్పత్తి విభాగానిదే. పరిశ్రమలకి నిధులిచ్చేందుకు డీఆర్‌డీఓ నడిపే పథకం టీడీఎఫ్. ఈ రెండూ కలిపేసేవాళ్ళు చాలామంది. మీరు కలపకండి.

ఇంకో సంగతి. డీఆర్‌డీఓ అంటే క్షిపణులే అనుకోవద్దు. మైసూరులోని డీఎఫ్‌ఆర్‌ఎల్ సైనికుల ఆహారం మీద పనిచేస్తుంది. మన రైళ్ళలో పెట్టిన బయోటాయిలెట్ల టెక్నాలజీ డీఆర్‌డీఓ నుంచి వచ్చిందే. కోవిడ్ సమయంలో 2021లో వచ్చిన 2-డీజీ మందు మీద డాక్టర్ రెడ్డీస్‌తో కలిసి పనిచేసింది ఢిల్లీలోని ఇన్మాస్ అనే డీఆర్‌డీఓ ల్యాబే.

ఆలస్యాల గురించి అడిగితే భయపడకండి. అర్జున్ ట్యాంకు 1974లో మొదలై సైన్యం చేతికి 2004లో అందడం మొదలైంది. తేజస్‌కి 1983లో అనుమతి వస్తే మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న. త్రిశూల్ సైన్యంలోకి చేరనే లేదు. ఇవన్నీ దాచిపెట్టి పొగిడితే బోర్డులో కూర్చున్నవాళ్ళకి తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ ఏళ్ళు గడిపింది వాళ్ళే. పని మధ్యలో ఉండగా సైన్యం అవసరాలు మారడం, బయటి దేశాలు టెక్నాలజీ ఇవ్వకపోవడం, మన ఇంజిన్ సామర్థ్యం సరిపోకపోవడం, అన్నీ కారణాలే. క్షిపణి టెక్నాలజీ బయటికి పోకుండా కొన్ని దేశాలు కలిసి ఎంటీసీఆర్ అనే ఏర్పాటు పెట్టుకున్నది 1987లో. మన పృథ్వి మొదటిసారి ఎగిరింది 1988 ఫిబ్రవరిలో. 2016లో మనమే అందులో సభ్యులమయ్యాం. ఈ మూడు సంవత్సరాలూ వరసగా చెప్పగలిగితే డీఆర్‌డీఓ ఎందుకు అవసరమో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

గేట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. థర్మో, ఫ్లూయిడ్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, మ్యాథ్స్, ఆప్టిట్యూడ్ గట్టిగా పట్టుకోండి. పాత పేపర్లు పదిహేనేళ్ళవి మూడుసార్లు చేశాను. 2022 జూలై వరదప్పుడు మా ఇంట్లోకి మొలలోతు నీళ్ళొచ్చాయి. పుస్తకాలు అటక మీద పెట్టి, నేనూ అక్కడే కూర్చుని చదివాను. కరెంటు లేదు, సిలబస్ ఆగలేదు. కోచింగ్ లేదనీ, ఊళ్ళో వాతావరణం బాగోలేదనీ చెప్పేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పొద్దున్న ఐదింటికి లేవడానికి ఏ కోచింగూ అక్కర్లేదు. ఫోన్ అమ్మ చేతికిచ్చి చదవడానికి సిటీ అక్కర్లేదు. రోజుకి పది గంటలు అని చెప్పుకుని అందులో నాలుగు ఫోన్‌కి పోతే అవి ఆరు గంటలే.

ఈ రెండేళ్ళలో ‘వీడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వదులుకుని ఇంట్లో కూర్చున్నాడు’ అని మా వీధిలో అనని వాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను, బాధతో కాదు, టైము లేక. ఆ ఉద్యోగంలో చేరి ఉంటే ఇంటి అప్పు ముందే తీరేది, నిజమే. నాన్నగారికి కొబ్బరి దింపు మీద వచ్చేదే ఆదాయం, ధర పడిపోయిన ఏడాది ఎలా గడిచిందో నాకు తెలుసు. అయినా నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. లిస్టులో పేరు రాకపోయి ఉన్నా అనుకునేవాణ్ణి కాదు.

రెండో ఇంటర్వ్యూలో బోర్డు వేరు. మీ అభిరుచులు ఏమిటంటే మావయ్య షెడ్డు గురించి చెప్పాను. ఒక మేడమ్ వెంటనే పట్టుకున్నారు. ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవున్న టోయింగ్ ట్యాంకు ఉంది, అందులో ఓడ నమూనాని లాగి నీటి నిరోధం కొలుస్తారు. "అసలు ఓడకి 25వ వంతు నమూనా చేశారు. ఓడ వేగం 20 నాట్లు. నమూనాని ఎంత వేగంతో లాగుతారు?"

అలల ప్రభావాన్ని వేగం, పొడవులతో కొలిచే ఫ్రౌడ్ సంఖ్య ఓడకీ నమూనాకీ సమానంగా ఉండాలి, కాబట్టి 25కి వర్గమూలం 5, వేగం 4 నాట్లు అన్నాను.

"రెనాల్డ్స్ సంఖ్య కూడా సమానం చేస్తే?" అన్నారు. అది నీటి ఒరిపిడికి సంబంధించిన సంఖ్య.

"అదే నీళ్ళలో చేయలేం మేడమ్. దానికి నమూనాని 500 నాట్లతో లాగాలి. అందుకే అలల నిరోధం నమూనా నుంచి తీసుకుని, ఒరిపిడి నిరోధం విడిగా లెక్క కడతారు."

అప్పుడు ఆమె, "మీ మావయ్యగారు ఈ లెక్కలేవీ లేకుండానే చేస్తున్నారు కదా, మరి ట్యాంకు ఎందుకు?" అని అడిగారు. మావయ్య పడవ సరిగా రాకపోతే వారంలో తిరిగొస్తుంది, చుక్కాని మారుస్తాడు, యుద్ధనౌక విషయంలో ఆ అవకాశం ఉండదు, అందుకని తప్పులన్నీ ట్యాంకులోనే బయటపడాలి అని చెప్పాను. అవతల చివర కూర్చున్నాయన, "అయితే డీఆర్‌డీఓ పని ఏమిటంటారు?" అన్నారు. ఈసారి తయారు చేయడం అనే మాట నా నోటి నుంచి రాలేదు.

ల్యాబ్ ఎక్కడో ఇంకా తెలియలేదు. విశాఖ అయితే పండక్కి రావచ్చని అమ్మ ఆశ. జాయినింగ్ దాకా ఊళ్ళోనే ఉంటాను. కోనసీమ, కాకినాడ వైపు నుంచి ఇంటర్వ్యూ కాల్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆదివారం పొద్దున్న తాళ్ళరేవు రండి, నోట్సు ఇస్తాను. ఆ భైరవపాలెం పడవకి రంగు వేస్తున్నారు, వచ్చే పౌర్ణమి పోటుకి నీళ్ళలోకి దించుతారు.