సిగ్నల్ దగ్గర తుంబీ

2003లో న్యూజెర్సీలో మా ఇంటి దగ్గర సిగ్నల్‌లో ఆగిన కారులోంచి తుంబీ వినిపించింది. అది పంజాబీల ఒంటి తీగ వాయిద్యం. కారు నడుపుతున్నది మాత్రం ఒక నల్లజాతి కుర్రాడు. అద్దాలన్నీ దించి, సౌండ్ పెంచి తల ఊపుతున్నాడు.

నేనైతే అప్పటికి కారు అద్దాలు ఎత్తాకే తెలుగు పాట పెట్టేవాణ్ణి. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అరిజోనాలో తలపాగా చూసి ఒక సిక్కును కాల్చి చంపారు. ఆ భయం చాలా కాలం పోలేదు. షాపుల్లో మా ఆవిడతో తెలుగులో మాట్లాడాలన్నా గొంతు తగ్గించేవాణ్ణి.

ఆ కుర్రాడి కారులో మోగిన పాట ‘ముండియా తో బచ్ కే’. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీకి చెందిన ‘పంజాబీ ఎంసీ’ అనే సంగీతకారుడు 1998లో తెచ్చాడు. పాడింది లాభ్ జంజువా. తుంబీ కింద మోగే బేస్ ‘నైట్ రైడర్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ సంగీతంలోది. కొన్నేళ్లకు జర్మనీలో మళ్లీ విడుదలై యూరప్ అంతా పాకింది, 2003లో బ్రిటన్ పాటల చార్టులో 5వ స్థానానికి చేరింది. యూరప్‌లో ఒక క్లబ్‌లో విన్న అమెరికన్ ర్యాపర్ జే-జీ దానికి తన ర్యాప్ కలిపాడు. అమెరికా చార్టులో అది 33 దాకా వెళ్లింది. నాకు ఆ అంకెకన్నా, జంజువా పంజాబీ అందులో అలాగే ఉండటం గొప్పగా అనిపించింది.

ఇప్పుడు మా అమ్మాయికి పదిహేనేళ్లు. లాప్‌టాప్‌లో బీట్లు చేస్తుంది. మొన్న కరీంనగర్‌లో ఉన్న మా అమ్మ చేత వాట్సాప్‌లో నాట్లేసేటప్పటి పాట పాడించుకుని, దాని కింద డ్రమ్స్ వేసింది. నాకు కళ్లు చెమర్చాయి. అయినా పాత భయం ఎక్కడో ఉందేమో, “మధ్యలో ఇంగ్లిష్‌లో అర్థం చెప్పకూడదా? నీ ఫ్రెండ్స్‌కి ఎలా తెలుస్తుంది?” అన్నాను.

“జే-జీ వచ్చాక కూడా జంజువా పాట పంజాబీలోనే ఉంది కదా డాడీ. నువ్వేగా చెప్పావు” అంది.

మా అమ్మ గొంతు ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. మధ్యలో వచ్చిన దగ్గు కూడా ఉంచేసింది. పూర్తయ్యాక నానమ్మకే ముందు పంపింది. పొద్దున్నే జవాబొచ్చింది: “బిడ్డా, రెండో చరణం తప్పు పాడిన. మళ్ల పాడి పంపుతా, ఆగు.”