కాన్వాస్‌కి జిగురు ఎక్కడ రాయాలి

నేను ఎక్కువగా చిన్న సైజు బొమ్మలే వేస్తాను. కాన్వాస్ గుడ్డని లాగి బిగించే వాటి చెక్క ఫ్రేముల (స్ట్రెచర్ ఫ్రేముల) పట్టీలు సన్నగా ఉంటాయి, స్టేపుల్ గన్ దెబ్బకి చెక్క నిలువునా చీలిపోతుంది. అందుకే చిన్న ఫ్రేములకి కాన్వాస్‌ని జిగురుతో అంటిస్తాను. పెద్దవాటికి స్టేపుల్సే. జిగురు అనగానే చాలామంది ఆర్టిస్టులు వద్దంటారు. వాళ్ల భయంలో నిజం ఉంది. రాయకూడని చోట రాసిన జిగురు బొమ్మకి ఏం చేస్తుందో నేను దగ్గరగా చూశాను.

తెలిసినావిడ ఒకరు వాళ్ల నాన్నగారు వేసిన ఆయిల్ పెయింటింగ్ తెచ్చి, వదులైపోయింది, బిగించి ఇవ్వగలరా అని అడిగారు. వెనక్కి తిప్పి చూస్తే మంచి ఫ్రేమే. నాలుగు మూలల్లోనూ చిన్న చెక్క కీలు, అంటే మూల సందులో దూర్చే చెక్క చీలలు, ఉన్నాయి. వాటిని సుత్తితో మెల్లగా తడితే మూల అతుకు దగ్గర పట్టీలు కొంచెం దూరం జరుగుతాయి, కాన్వాస్ మళ్లీ బిగుస్తుంది. స్ట్రెచర్ ఫ్రేము గొప్పతనమంతా అక్కడే ఉంది. కానీ ఆ ఫ్రేముకి కాన్వాస్ బిగించినవాళ్లెవరో పట్టీల ముందు వైపంతా జిగురు పూశారు, మూలల మడతలు కూడా అతికించేశారు. మూల తెరుచుకోవాలంటే మడత ఒప్పుకోదు. గట్టిగా కొడితే చిరిగేది గుడ్డే. ముందు వైపు పట్టీ అంచు ఎక్కడుందో రంగు మీద గీతలాగా తేలి, దాని వెంబడి పగుళ్లు వచ్చాయి. నేను కీలని ముట్టుకోలేదు. పాత పెయింటింగులు బాగుచేసే కన్జర్వేటర్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్పాను. ఆ పని నాలాంటివాళ్లు చేసేది కాదు.

మంచి స్ట్రెచర్ పట్టీకి ముందు వైపు బయటి అంచు కొంచెం ఎత్తుగా ఉండి లోపలికి వాలుగా దిగుతుంది. గుడ్డ ఆ అంచుని తప్ప చెక్కని ఇంకెక్కడా తాకకూడదనే అలా చేస్తారు. ముందు వైపు జిగురు రాస్తే ఆ ఏర్పాటంతా వృథా.

నేను పట్టీ వెనక వైపు మాత్రమే రాస్తాను. కాన్వాస్ ముందు అంచు మీదుగా వంగి, పక్క దాటి, వెనక అంచు దగ్గర మళ్లీ వంగుతుంది. ఈ రెండు వంపుల రాపిడి లాగుడు బలాన్ని చాలావరకు అక్కడే ఆపుతుంది. మిగిలింది జిగురు పొర వెంబడే పడుతుంది. జిగురుకి అలా పక్కకి లాగే బలాన్ని తట్టుకోవడం తేలిక. అంచు పట్టుకుని పైకి ఒలిచే బలమే దానికి కష్టం. మూలలకి మూడు నాలుగు సెంటీమీటర్ల ముందే జిగురు ఆపేస్తాను. మూలల్లో గుడ్డని ఊరికే మడిచి, రెండు చిన్న మేకులతో ఒకే పట్టీకి కొడతాను. పక్క పట్టీని అది పట్టుకోదు కాబట్టి కీలు కొట్టినప్పుడు మూల తెరుచుకుంటుంది.

తడి జిగురు దేన్నీ పట్టి ఉంచలేదు. అందుకని ముందు జిగురు లేకుండానే పుష్ పిన్నులతో మొత్తం బిగించేస్తాను. ప్రతి వైపూ మధ్యలో మొదలుపెట్టి, ఎదురెదురు వైపులు మార్చుకుంటూ మూలల వైపు వెళ్లాలి. పడుగూ పేకా పట్టీలకి సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకోవడం ముఖ్యం. లేకపోతే ఎంత లాగినా మూలల నుంచి ముడతలు పోవు. పిన్నులు పక్కల మీద ఉంటాయి, వెనక మడత స్వేచ్ఛగా ఉంటుంది. దాన్ని ఎత్తి, చెక్క మీద పల్చగా జిగురు రాసి, వేలితో నొక్కి, క్లిప్పులు పెడతాను. జిగురు గుడ్డలోంచి పైకి ఊరితే క్లిప్పు అంటుకుంటుంది కాబట్టి మధ్యలో బటర్ పేపర్ ముక్క ఉండాలి. 24 గంటలయ్యాకే పిన్నులు తీస్తాను.

ఇక ఏ జిగురన్నది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు, అంటే పీవీఏ, చిన్న ఫ్రేములకి సరిపోతుంది. దానికో గుణం ఉంది. ఎండిపోయాక కూడా ఆగకుండా లాగుతూ ఉంటే నెమ్మదిగా జారుతుంది. పెద్ద కాన్వాసుకి నేను దాన్ని నమ్మకపోవడానికి కారణం అదే. కుందేలు చర్మం జిగురు శతాబ్దాలుగా ఆర్టిస్టుల చేతిలో ఉంది, గోరువెచ్చని నీళ్లు తగిలితే కరిగి వదిలేస్తుంది. విప్పాల్సి వస్తే అది వరమే, కానీ గాలిలో తేమ పెరిగితే మెత్తబడుతుంది. గ్లూ గన్‌తో వేసే వేడి జిగురు మాత్రం వద్దు. వేడికి మెత్తబడుతుంది, గడ్డలుగా నిలబడుతుంది.

గెస్సో, అంటే రంగుకి ముందు గుడ్డ మీద వేసే నీటి పూత, వేసేది జిగురు పూర్తిగా ఆరాకే. నీళ్లు తగలగానే ఇంకా పూత వేయని పచ్చి కాన్వాస్ కుంచించుకుని అంచుల్ని బలంగా లాగుతుంది. అందుకే పచ్చి గుడ్డని మొదట్లో మరీ డప్పులా బిగించను, గెస్సో మిగతా బిగువు తెస్తుంది. వెనక మడతల్లోకి నీళ్లు దిగకుండా బ్రష్‌ని ముందు అంచు దగ్గరే ఆపుతాను.

చివర్లో పట్టీ వెనక పెన్సిల్‌తో ఏ జిగురు వాడానో, ఏ సంవత్సరమో రాస్తాను. ఎప్పుడో ఒకరోజు ఆ కాన్వాస్‌ని విప్పాల్సినవాళ్లు ముందు వెతికేది ఆ సమాచారమే.