పుట్టకొక్కు: గొడుగు చూసి కాదు, మొదలు చూసి

తొలకరి పడ్డాక నాలుగు రోజులు ఉక్కపోసి, ఓ రాత్రి ఉరుములతో గట్టి వాన కురిస్తే మర్నాడు పొద్దున్నే పుట్టల పక్కన, చేలగట్ల మీద కొక్కులు, అంటే పుట్టగొడుగులు, లేస్తాయి. ఉరుము సంగతి ఎలా ఉన్నా, నేల బాగా నాని మెత్తబడితే గానీ అవి పైకి రాలేవు. ఎందుకంటే వాటి మొదలు పైన ఉండదు. లోపల చెదల గూట్లో, స్పాంజిలా చిల్లులున్న గడ్డ మీద ఉంటుంది. చెదలు ఎండాకు, పుల్లా తెచ్చి ఆ గడ్డ కట్టి, దాని మీద, కొక్కుగా పైకి లేచే ఈ బూజును పెంచుకుంటాయి. చెదలు లేకుండా దీన్ని పెంచడం మనకింకా చేతకాలేదు. బజార్లో దొరికే బటన్, ఆయిస్టర్ రకాల్లా షెడ్డులో పండదు, అందుకే దీనికి అంత ధర.

శాస్త్రంలో దీని పేరు టెర్మిటోమైసిస్. మన పుట్టకొక్కులు ఒకే రకం కాదు, ఈ పేరు కింద వచ్చే పలు రకాలు. కాబట్టి ‘తెల్లగా ఉంటే మంచిది’, ‘కాడకి ఉంగరముంటే చెడ్డది’ లాంటి గుర్తులు పనికిరావు. దక్షిణ భారతంలో గుర్తించి 1979లో పేరుపెట్టిన హైమీ రకానికి ఉంగరం ఉంటుంది, అది చక్కగా తినే కొక్కు.

చాలామంది చేసే తప్పు పీకడంలోనే ఉంది. కాడ పట్టుకుని లాగితే నేల మట్టానికి పుటుక్కున తెగుతుంది, చూడాల్సిన ఆనవాలంతా మట్టిలో ఉండిపోతుంది. కొత్త చోట దొరికితే ముందు ఒక్కదాన్ని సన్నటి కర్రతోనో కొడవలి కొసతోనో చుట్టూ మట్టి వదులు చేసి, మొదలంటా తీయండి. పుట్ట కన్నంలో మాత్రం చెయ్యి పెట్టకండి, పాములుండే చోటది.

తీశాక చూడాల్సినవి నాలుగు. నాలుగూ కుదరాలి, మూడు కుదిరాయని సరిపెట్టుకోకూడదు.

కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడి, జానెడో మూరెడో వేరులా గూటిదాకా దిగాలి. అయితే వేరొక్కటే చాలదు, మట్టిలో పూడుకుపోయిన కుళ్లు కట్టె మీంచి లేచే కొక్కుల్లోనూ కొన్నిటికి ఇలాంటి వేరుంటుంది. రెండోది, కాడ మొదట్లో కోడిగుడ్డు పెంకు పగిలినట్టుండే తెల్లటి సంచి ఉండకూడదు. మూడోది, గొడుగు కింది మడతలు కాడని అంటుకోకుండా కొద్దిగా ఎడంగా ఆగిపోవాలి. ఎంటొలోమాలనే విషపు కొక్కుల మడతల్లోంచి రాలే విత్తనాల్లాంటి పొడి కూడా పుట్టకొక్కు పొడిలా గులాబీ రంగే, కానీ వాటి మడతలు సాధారణంగా కాడని తాకుతాయి. నాలుగోది ఆ పొడి రంగు.

పొడి తీయడం తేలిక. బాగా విచ్చిన గొడుగు తీసుకుని కాడ కోసేసి, సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం కలిసే చోట మడతలు కిందికి వచ్చేలా పెట్టండి. పైన చుక్క నీళ్లు వేసి గిన్నె బోర్లించండి. ఆరు నుంచి పన్నెండు గంటల్లో అచ్చు పడుతుంది. తెల్ల కాగితం ఒక్కటే వాడితే తెల్లటి పొడి కనబడక ‘ఏమీ పడలేదు’ అనుకుంటారు, అందుకే రెండు రంగులు. పలచగా పడితే బ్లేడుతో కుప్పగా గీరి పగటి వెలుగులో చూడండి. పుట్టకొక్కుదైతే లేత గులాబీ, కండచాయ. తెల్లగా పడినా, ఆకుపచ్చగా పడినా మొత్తం పారేయండి.

ఆకుపచ్చ అంటున్నది క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అనే విషపు కొక్కు గురించి. మోసమంతా దీని దగ్గరే. స్కూలు మైదానాల్లో, లాన్లలో, ఎరువేసిన గడ్డిలో వానాకాలం గుండ్రంగా వరస కట్టి లేస్తుంది. జానెడు వెడల్పు గొడుగు, మీద గోధుమరంగు పొలుసులు, కాడకి పైకీ కిందకీ జరిగే ఉంగరం. చూడ్డానికి మహా కండగా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు మడతలు తెల్లగానే ఉంటాయి, పొడి ముదిరాకే ఆకుపచ్చబడతాయి. అంటే కూరకి బాగుంటాయని మనం ఏరే విచ్చని మొగ్గల్లో ఈ గుర్తు కనబడదు, పొడీ రాలదు. కొత్త చోట మొగ్గలొక్కటే దొరికితే వదిలేయడమే. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో ఆగని వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

మొదట్లో సంచి ఉండే అమానిటా అనే కొక్కుల్లో కొన్నిటి విషం ఇంకా దారుణం. ఆరు గంటల దాకా, ఒక్కోసారి పూటపైన, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపై ఒక రోజు తేరుకున్నట్టే ఉండి కాలేయం దెబ్బతింటుంది. ఆ విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. విదేశాల్లో ఉన్నవాళ్లకిది మరీ ముఖ్యం. వరిగడ్డి వాముల్లో లేచే కొక్కుకి కూడా మొదట్లో సంచి ఉంటుంది, అది తినే రకమే. ఆ పోలికతోనే కాలిఫోర్నియాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఓక్ చెట్ల కింద డెత్ క్యాప్ అనే అమానిటాని ఏరుకుని ఆసియా నుంచి వెళ్లినవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. గడ్డికొక్కు పొడి గులాబీ, డెత్ క్యాప్ పొడి తెలుపు. గుడ్డు దశలో ఇదీ తెలియదు కనుక అడవిలో గుడ్లు ఏరొద్దు.

గోరంత గొడుగులతో వందలకొద్దీ పరుచుకునే చిట్టికొక్కులు కూడా చెదలవే. చెదలు పైకి తెచ్చిపోసిన గడ్డ ముక్కల మీద లేస్తాయి కాబట్టి వీటికి పొడుగు వేరుండదు. రుచి బాగానే ఉంటుంది గానీ, వేరు గుర్తు లేదు, వాటిలాంటి తెల్లటి చిన్నవి బోలెడు. కొత్తవాళ్లు ముట్టుకోకపోవడమే నయం.

వెండి నాణెం నల్లబడితే విషమని, వెల్లుల్లి రంగు మారితే విషమని, పసుపూ చింతపండూ వేస్తే విరుగుతుందని చెప్పేవన్నీ ఉత్తివి. పురుగు పట్టిందంటే మంచిదేనన్నదీ అంతే. మనల్ని చంపే కొక్కుని నత్తలు నిక్షేపంగా తింటాయి.

వంటకి తెచ్చేటప్పుడు పాలిథిన్ కవర్లో బిగించకండి, ఊపిరాడక చెమటపట్టి పూటకే కంపు కొడతాయి. బుట్టో, కాగితమో చాలు. కాడ మట్టి చాకుతో గీకి, వండే ముందే కడిగి, ఆ రోజే వండాలి. పచ్చివాసన పోయేదాకా, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఉడకనివ్వండి. మొదటిసారి తినేవాళ్లు రెండు మూడు ముక్కలతో ఆపాలి. వండని కొక్కు ఒకటి, మొదలుతో సహా, కాగితంలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరికైనా తేడా చేస్తే 108కి ఫోన్ చేసి, ఆ దాచిన కొక్కుతోపాటే ఆసుపత్రికి వెళ్లాలి. ఎన్నింటికి తిన్నారో, ఎన్నింటికి మొదలైందో డాక్టరుకి చెప్పాలి. వాంతులు తగ్గాయని మధ్యలో ఇంటికి వచ్చేయకండి.

పత్తి, మిర్చి చేలల్లో మందు కొట్టిన గట్ల మీదివీ, రోడ్డు పక్కవీ ఏ రకమైనా వద్దు. మంచి చోటు దొరికితే గునపంతో పుట్టని పెకలించకండి. గూడు బతికుంటే మరో ఏడాది ఇదే కార్తెలో మళ్లీ అక్కడే లేస్తాయి.