టీవీ మీద గీత మేమే గీసినామంట!

నిన్న సాయంత్రం మా ఇంట్లో కొత్త టీవీ గోడకెక్కింది. అంటే రెండో కొత్త టీవీ. మొదటి కొత్త టీవీ కథే ఇది, కడుపుమంట ఆరకముందే రాసేస్తా ఉండా.

కొనడం ఏం కష్టం కాలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచీలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, అప్పట్నుంచీ మా పాప ఒకటే పోరు. సోఫా నుంచి గోడకి టేపు పెట్టి చూస్తే ఎనిమిదడుగులు, సరే 65 ఇంచీలు తీసుకుందాం అనుకున్నాం. ఇంచీలు మూల నుంచి మూలకి కొలుస్తారు, అడ్డం 144 సెంటీమీటర్లు వస్తాది, ఆ లెక్క తెలీక మా బామ్మర్ది ముందే కప్‌బోర్డు చేయించుకుని తర్వాత పక్క చెక్కలు కోయించుకున్నాడు. తిరుపతిలోనే ఒక షోరూం, 62 వేలు, ఈఎంఐ, ఆధార్, పాన్, అరగంటలో అయిపాయ.

మర్నాడు డెలివరీ. మాది కొర్లగుంట, సందులోకి టాటా ఏస్ వస్తాది. టీవీ పెట్టెను పడుకోబెట్టి తెచ్చినారు, దాని మీద ఇంకెవరిదో వాటర్ ఫిల్టర్ డబ్బా. పెట్టె మీద నిలబెట్టే ఉంచాలని బాణాలు, గ్లాసు బొమ్మ అంతంత పెద్దగా ఉండాయి. నేను చూసినాను. చూసి కూడా నోరు మూసుకున్నా, ఆ అబ్బోళ్లు ఎండలో రెండంతస్తులు మోస్తా ఉంటే ఏమీ అనబుద్ధి కాలేదు. అదీగాక పెట్టె విప్పకముందే 'సరుకు మంచి కండిషన్‌లో అందింది' అనే కాయితం మీద మా ఇంట్లో ఆమె సంతకం పెట్టేసింది. పెట్టకపోతే వాళ్లు కదలరు మరి.

పెట్టె మీరు విప్పొద్దు, కంపెనీ మనిషొచ్చి విప్పాల అన్నారు. మూడో రోజు వచ్చినాడు. సీలు కోసినాడు, గోడకి బిగించినాడు, ఆన్ చేసినాడు. (మీరైతే బిగించకముందే కింద పెట్టి ఆన్ చేసి చూపించమనండి.) కుడి పక్కన పై నుంచి కిందిదాకా వెంట్రుకంత ఆకుపచ్చ గీత.

రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినాడు. తర్వాత మా అమ్మ వైపు తిరిగి "ఇంట్లో చిన్నపిల్లోళ్లు ఉండారామ్మా?" అన్నాడు. మా అమ్మ పాపం ప్రేమగా అడుగుతా ఉండాడనుకుని "ఉండాడు నాయనా, మనవడు యూకేజీ, యమా చురుకు" అనేసింది. ఆయన ట్యాబ్‌లో ఏదో కొట్టుకుని కాఫీ తాగి పోయినాడు. రెండ్రోజులకి మెసేజ్. ఫిజికల్ డ్యామేజ్ అంట, వారంటీ రాదంట, ప్యానెల్ మార్చాలంటే 48 వేలంట!

సర్వీస్ సెంటర్‌కి పోయినా. ఆ రోజు స్కూలు సెలవని మావోణ్ని కూడా తీసకపోయినా, అదే నేను చేసిన పెద్ద బుద్ధి తక్కువ పని. గంట కూర్చోబెట్టినాక లోపల్నుంచి ఒకాయన వచ్చి, పది మంది ముందర, గట్టిగా, "సార్, అందరూ ఇదే చెప్తారు. పెట్టె మూడు రోజులు మీ ఇంట్లోనే ఉండె కదా. బాబు మీదెక్కి ఆడుంటాడు, మీరు డ్యూటీలో ఉంటారు, మీకేం తెలుస్తుంది" అన్నాడు. మావోడు నా వేలు పట్టుకుని ఉన్నోడు "నేను ఎక్కలేదు నాన్నా" అని ఏడుపెత్తుకున్నాడు. కుర్చీల్లో ఉన్న ఒకాయన నవ్వినాడు. నాకు నోట మాట రాలేదు, మొగం చెల్లక పిల్లోణ్ని ఎత్తుకుని బయటికొచ్చేసినా.

నేనేం తెలీనోణ్ని కాదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినోణ్ని, డొక్కు టీవీలు ఎన్నో విప్పి బాగుచేసినోణ్ని. దెబ్బ తగిలితే సాలెగూడు మాదిరి పగులు వస్తాది, ఇంకు ఒలికినట్టు నల్ల మచ్చ పాకుతాది. తిన్నగా గీత వచ్చిందంటే మామూలుగా ప్యానెల్ అంచున అతికించిన సన్న రిబ్బన్ కనెక్షన్ తేడా. ఇదంతా ఇంటికొచ్చినాక బాత్రూంలో గుర్తొచ్చింది, అక్కడ ఒక్క ముక్క రాలేదు. షోరూంలో అడిగితే "అమ్మడం వరకే సార్ మా పని". కొనేటప్పుడు ఇదే మనిషి అన్నా అన్నా అని బాదంపాలు తాగించినాడు.

తొమ్మిదో రోజు మా పాప భయపడతా ఫోన్ చూపించింది. సీలు కోసిన దగ్గర్నుంచీ వీడియో తీసి స్టేటస్ పెట్టిందంట, చదువుకోకుండా ఇదేందని తిడతానని నాకు కనపడకుండా హైడ్ చేసి! అందులో గీత కనపడంగానే ఆ టెక్నీషియనే అంటా ఉండాడు, "ఏందిది, ట్రాన్స్‌పోర్ట్‌లో ఒత్తిడి పడినట్టుందే" అని. ఆ రోజు ఆ పిల్లని తిట్టలేదు, చార్జీలకి ఇచ్చే డబ్బులు కూడా పెంచినా.

వెంటనే 1915కి ఫోన్ చేసినా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడినారు. బిల్లు, వీడియో పెట్టి కంప్లయింట్ నంబర్ తీసుకున్నా. వాళ్లు కంపెనీకి పంపిస్తారు అంతే, ఆర్డర్ వేసే అధికారం వాళ్లకి లేదు. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోదామని కాయితం కూడా టైప్ చేయించి పెట్టుకున్నా, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. అంత దూరం పోలేదులే. కంప్లయింట్ ఇచ్చిన ఆరో రోజు కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి "గుడ్‌విల్ కింద మార్చి ఇస్తున్నాం సార్" అనింది. గుడ్‌విల్ అంట! సారీ అనే మాట మాత్రం ఎవరి నోట్లోంచీ రాలేదు.

నిన్న పెట్టె నిలబెట్టే తెచ్చినారు. విప్పి, కింద ఆన్ చేసి, తెలుపు, నలుపు, ఎరుపు అన్ని రంగులూ చూసినాకే సంతకం పెట్టినా, డెలివరీ అబ్బోడు సణిగితే సణుక్కోమన్నా. ఈరోజు మధ్యాహ్నం మా అమ్మ ఎస్వీబీసీలో కళ్యాణోత్సవం చూస్తా, అమ్మవారి నగలు ఒక్కోటి లెక్కపెట్టింది. మావోడు మాత్రం టీవీ దగ్గరికి రాడు. సోఫా వెనకాల నిలబడి చూస్తాడు, రిమోట్ చేతికిస్తే "నువ్వే నొక్కు నాన్నా" అంటాడు.